కాగితం మీద బంగారం

తాండూరు,
1981 జూన్ 14.

చి. సుధాకర్‌కు,

మీ రాధమ్మ వదిన దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి. క్షేమం లేదు కాబట్టి ఆ ముక్క ఎగ్గొడుతున్నాను.

మీ మల్లప్ప బావ పని పోయింది. నాపరాళ్ల కార్ఖానాలో ఇన్నేండ్లుగా రాళ్లను రంగు చూసి వేరు చేసినవాడు. సేటు కొత్త కోత మిషను తెచ్చాడు. దాన్ని నడిపిన రోజు వాడు రెండు చెవులూ మూసుకొని, రైలు పట్టాలు దాటి, కంది చేల దాకా పరుగెత్తాడు. మర్నాడూ అంతే. "పిచ్చోన్ని పెట్టుకొని నేను కార్ఖానా నడపాల్నా?" అని సేటు వెళ్లగొట్టాడు.

నా తమ్ముడి సంగతి నీకు తెలియనిది కాదు. చిన్నప్పుడు సెలవులకు మీ ఇంటికొస్తే, మీ అమ్మ కంచం మార్చిందని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ముప్పయి దాటినా అంతే. ఎవరి మొహమూ చూడడు, మందిలో ఉండలేడు, చప్పుడు పడదు, అబద్ధం చేతకాదు. హైదరాబాద్‌లో చూపిస్తే ఒక పెద్ద డాక్టరు దీన్ని ఆటిజం అంటారని చెప్పాడు. పుట్టుకతోనే ఉంటుందట, మందు లేదట, మనమే వాడికి తగ్గట్టు మసలుకోవాలట. ఆ మాటే కాగితం మీద రాసిచ్చాడు.

అసలు బాధ ఇది. ప్రతి అంగడి రోజు వాడు వారం జీతం తెచ్చి, పొయ్యి పక్కన డాల్డా డబ్బాలో వేసి, మూత బిగించి, అప్పుడు అన్నానికి కూర్చునేవాడు. ఇప్పుడు వేయడానికేమీ లేదు. అంగడి రోజు తినడం మానేశాడు. బతిమాలితే "డబ్బల ఏం ఎయ్యలే గదా" అంటాడు. నా డబ్బులు వాడి చేతిలో పెడితే "ఇవి నీయి" అని తిరిగిస్తాడు.

ఇది వికలాంగుల సంవత్సరమని రేడియో పొద్దస్తమానం మోగుతోంది. పింఛను వాడి పేరున వస్తే వాడే డబ్బాలో వేసుకుంటాడు, తింటాడు. నాకు కావలసింది అంతే. నువ్వు పింఛన్ల సెక్షన్‌లోనే కూర్చున్నావు కదా, దరఖాస్తు జతచేశాను.

ఇట్లు,
మీ వదిన, బాల్వాడి టీచరమ్మ,
రాధమ్మ.

తా.క.: దరఖాస్తులో "లోపం ఎక్కడ ఉన్నది?" అని అడిగారు. "చూసేవాళ్ల కండ్లలో" అని రాసి, మళ్లీ కొట్టేశాను. ఆ కొట్టివేతకు క్షమించాలి.


వికారాబాద్,
జూన్ 22.

పూజ్యురాలైన వదినకు,

సుధాకర్ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆవిడ అరుణాదేవీ క్షేమం. అనంతగిరి గాలికి ఆకలి కూడా బాగా వేస్తోంది.

దరఖాస్తు చూశాను. అక్షరాలు ముత్యాలే. కానీ వదినా, మా పట్టికలో ఉన్నవి నాలుగే గడులు: గుడ్డి, చెవుడు, కుంటి, మతిలేమి. ఆటిజం గడి లేదు. మా సూపరింటెండెంటు గారు ఆ డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ తాలూకాలో వస్తుందయ్యా?" అన్నారు. గడి లేని జబ్బుకు పింఛనిస్తే ఆడిట్‌వాళ్లు మా ప్రాణాలు తీస్తారు.

నాకొక ఉపాయం తోచింది. పిలిస్తే బావ పలకడు కదా, చెవుడు గడిలో వేసేద్దాం. వచ్చే నెల మీ ఊళ్లోనే వైద్య శిబిరం పెడుతున్నారు, తీసుకొని వెళ్లు. మిగతాది నేను చూసుకుంటాను, నువ్వు ఫికరు పెట్టుకోకు.

విధేయుడు,
సుధాకర్.

తా.క.: ఇక్కడి పప్పు ఎంతకూ ఉడకడం లేదని అరుణాదేవి గొడవ. తాండూరు కందిపప్పు నాలుగు శేర్లు ఎవరిచేతనైనా పంపగలవా? ఆఫీసులో కూడా మీ ఊరి పప్పు గురించి తెగ చెప్తుంటాను.


తాండూరు,
జూలై 19.

చి. సుధాకర్‌కు,

దీవెనలు. నీ ఉపాయం మండిపోను!

చెవుడట! నా తమ్ముడికి చెవులు తక్కువై కాదయ్యా కష్టం, ఎక్కువై. శిబిరంలో డాక్టరు వెనకనుంచి వచ్చి వాడి చెవి దగ్గర గంట కొట్టాడు. వీడు కేక పెట్టి లేచిన ఊపుకు బల్ల, దాని మీది సీసాలు, డాక్టరు కండ్లద్దాలు అన్నీ నేల మీదికి పోయాయి. డాక్టరు అద్దాలు వెతుక్కొని పెట్టుకొని "వినికిడి అమోఘం" అని రాశాడు.

తర్వాత "నీకేమన్న తక్లీఫ్ ఉన్నదా?" అని అడిగాడు. మల్లప్ప "లేదు" అన్నాడు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "జర ఆలోచించి చెప్పురా" అన్నాను.

"గంట ఆగింది గదక్కా" అన్నాడు.

అంతే, "ఆరోగ్యవంతుడు, కష్టపడి పనిచేయగలడు" అని రాసి ముద్ర గుద్దాడు. ఆ ముద్ర చప్పుడుకు మల్లప్ప మళ్లీ చెవులు మూసుకున్నాడు. బయటికొస్తుంటే గుమ్మంలో కూర్చున్న కంపౌండరు నవ్వి, "పిచ్చోడా ఏంది?" అన్నాడు. లోపల ఆరోగ్యవంతుడు, గుమ్మం దాటితే పిచ్చోడు. మధ్యలో ఉన్నది ఒక్క గడపేనయ్యా!

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టుంది మీ దఫ్తరు. ఇంకేదైనా దారి ఉంటే చెప్పు. ఉపాయాలు మాత్రం చెప్పకు.

ఇట్లు,
రాధమ్మ.

తా.క.: పప్పు సంగతి. ముందు నా పని ఉడకనీ.


వికారాబాద్,
జూలై 27.

పూజ్యురాలైన వదినకు,

నమస్కారాలు. కోపం తగ్గించుకో, శుభవార్త రాస్తున్నాను.

డాక్టరు కాగితం ఎట్లా ఉన్నా, ఇరుగుపొరుగును అడిగి నిజం తేల్చుకునే పద్ధతి ఒకటి మాకుంది. ఆ విచారణ మా జనార్దన్ గారికి పడింది. చాలా నిక్కచ్చి మనిషి. బయట టీ తాగినా డబ్బులిచ్చే తాగుతారు. ముందే తెలిస్తే జనం నేర్పిన మాటలు చెప్తారని, ఎవరో దారినపోయే మనిషిలా వచ్చి, ఆఫీసు పేరెత్తకుండా అడిగి పోతారు. ఏ రోజు వస్తారో నాకు కూడా చెప్పరు. నువ్వు గల్లీలో ఎవరికీ ఒక్క ముక్క చెప్పకూడదు. మీ వాళ్లందరికీ బావ మీద ప్రేమ కదా, ఉన్నది ఉన్నట్టు చెప్తారు. ఇంక మనకేం భయం?

విధేయుడు,
సుధాకర్.

తా.క.: పప్పు గురించి గుర్తుచేయమని అరుణాదేవి అంటోంది. నేను గుర్తుచేయడం లేదు.


తాండూరు,
ఆగస్టు 16.

సుధాకర్‌కు,

దీవెనలు తర్వాత. ముందు ఇది చదువు.

మీ జనార్దన్ ఇంకా రాలేదు గానీ, మల్లప్పకు పెండ్లి సంబంధం అరుసుకోవడానికి ఎవరో వచ్చిపోయారు! నేను బాల్వాడిలో ఉన్నాను. తెల్ల చొక్కా, గొడుగు, పక్కన పట్టుచీర కట్టుకున్న ఇల్లాలు. గల్లీ మొదటినుంచి చివరిదాకా "మల్లప్పనే పిల్లగాడు ఎట్లాంటోడు? ఏమన్న లోపమున్నదా?" అని అడుగుతూ పోయారట.

మా గల్లీకి పండుగొచ్చింది. పక్కింటి లాల్‌బీ, "తోబా తోబా! లోపమా? బంగారమసొంటి పిల్లగాడు. ఆడోళ్ల మొకం కూడ చూడడు, గంత షరీఫ్" అన్నదట. ఛాయ్ హోటల్ ఖుద్దూస్, "దినాం ఒక్కటే టైముకొస్తడు, ఒక్కటే గ్లాసుల తాగుతడు. గసొంటి పాబంది మనిషి తాలూకాల లేడు" అన్నాడట. ఎదురింటి ఎంకమ్మ, "ఒక్క మాట ఎదురు మాట్లాడడు. గా ఇంట్ల కాలువెట్టే పిల్ల ఎవలో గాని రాతగల్లది" అని కండ్లు కూడా తుడుచుకుందట.

నేను నెత్తి కొట్టుకొని, "ఇన్ని అబద్ధాలు ఎట్ల చెప్పిన్రే?" అని అడిగాను.

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెండ్లి చెయ్యమన్నరు. మేము నాలుగే ఆడినం" అన్నది ఎంకమ్మ.

ఎవరయ్యా ఆ సంబంధంవాళ్లు? నీ చేతి పని కాదు కదా?

ఇట్లు,
రాధమ్మ.

తా.క.: ఆ దంపతులు పోతూ పోతూ బజారులో కందిపప్పు కొనుక్కొని వికారాబాద్ బస్సెక్కారట. మీ ఊరివాళ్లే. జర కనుక్కో.


వికారాబాద్,
ఆగస్టు 24.

వదినా,

కొంప మునిగింది. వచ్చినవారే జనార్దన్ గారు. నేను మీ పప్పును పొగిడీ పొగిడీ, వారి ఇల్లాలు కూడా బయల్దేరి వచ్చింది.

వారి రిపోర్టు నా ముందే ఉంది, దిగరాస్తున్నాను: "సదరు మల్లప్ప సత్ప్రవర్తన, సమయపాలన, మితభాషణ గలవాడని ఇరుగుపొరుగు ముక్తకంఠంతో తెలిపిరి. ఛాయ్ హోటల్ ముందు కూర్చున్న ఒక వ్యక్తి మాత్రం 'మల్లప్పకు పని లేదు, మందిలో ఉండలేడు, అక్క కూడు తింటుండు, అక్క లేకుంటే బతకడు' అని మొహం అటు తిప్పుకొనే చెప్పెను. ఇతడు పాత కక్షలు గలవాడిగా తోచినందున ఇతని మాట లెక్కలోనికి తీసుకొనలేదు. దరఖాస్తుదారునికి ఏ లోపమూ లేదు."

దరఖాస్తు తిరస్కరించబడినది. అప్పీలుకు రెండు నెలల గడువు ఉంది. నా మీద కోపం వద్దు, నేను గుమాస్తాను.

విధేయుడు,
సుధాకర్.

తా.క.: చెప్పాలో వద్దో తెలియడం లేదు. జనార్దన్ గారికి పెండ్లీడు అమ్మాయి ఉంది. వారి ఇల్లాలు మీ గోత్రం కనుక్కోమంటోంది.


తాండూరు,
ఆగస్టు 28.

సుధాకర్‌కు,

ఈసారి దీవెనలు బాకీ.

నాకు కోపమొస్తే బడి భాష రాదు, ఇంటి భాషల్నే రాస్తున్న. ఏమనుకుంటున్రు మీరంత? కార్ఖానల కూలికుంటే పిచ్చోడు. బస్సుల చెవులు మూసుకుంటే పిచ్చోడు. నా తమ్ముని మీద రాయేసిన పోరగాండ్లకు పిచ్చోడు. గదే మనిషి సర్కారును చేయిచాపి అడిగితే సత్ప్రవర్తన, సమయపాలన! బజార్ల పిచ్చోడు, కాగితం మీద బంగారం! గంత బంగారమైతే గా సేటు ఎందుకు పారేసిండు? గా బంగారాన్ని ఒక్కనాడు మీ ఇంట్ల పెట్టుకో, చూస్త.

ఇంకొకటి. ఎవడు వాడు, అక్క కూడు తింటుండన్నోడు? నా తమ్ముడు నా కూడు తింటే వీని అయ్య సొమ్మేం పోయింది? గల్లీల ఇంటింటికి పోయి అడిగిన. ఎవ్వడు ఒప్పుకోడు. ఖుద్దూస్ మీద అనుమానమొచ్చి హోటల్ ముందర నిలవడి అరగంట తిట్టిన. పాపం, ఆయన నాకే ఛాయ పోసిచ్చిండు. ఆ కక్షగాడు దొరికిన్నాడు మాత్రం వాని కాళ్లు విరగ్గొడ్త.

సరే. ఇప్పుడు నెమ్మదిగా, నీకు అర్థమయ్యే భాషలో రాస్తాను. మా గోత్రం మీ జనార్దన్‌కు చెప్పు. కలిసినా కలవకపోయినా పిల్లగాన్ని చూసుకోవడానికి రమ్మను. ఒక్క షరతు, అమ్మాయిని తీసుకురావద్దు. ఆడపిల్లను మధ్యలో నిలబెట్టే పని నేను చేయను. దంపతులిద్దరే రావాలి.

ఇట్లు,
రాధమ్మ.

తా.క.: మల్లప్పను ముందే అడిగాను. "పెండ్లి వద్దు. ఛాయ తాగి పోతమంటే రానీ" అన్నాడు.


వికారాబాద్,
సెప్టెంబరు 3.

పూజ్యురాలైన వదినకు,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. పింఛను పోతే పోయింది, బావకు సంసారం ఏర్పడుతోంది! జనార్దన్ దంపతులు వచ్చే ఆదివారం బయల్దేరుతున్నారు. అరుణాదేవి అప్పుడే చీర రంగు ఆలోచిస్తోంది. కోపంలో కూడా ఎంత మంచి నిర్ణయం తీసుకున్నావు వదినా!

విధేయుడు,
సుధాకర్.

తా.క.: పెండ్లి భోజనంలో పప్పు తాండూరుదే కదా?


తాండూరు,
సెప్టెంబరు 20.

చి. సుధాకర్‌కు,

దీవెనలు, పాత బాకీతో సహా. దీనితో అప్పీలు పంపుతున్నాను. కింద జతచేసింది జాగ్రత్త, నకలు కాదు, అసలు.

జనార్దన్ దంపతులు వచ్చారు. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. ఒక్క నిజం దాచలేదు. నోరు తెరవడానికి నాకు సందే దొరకలేదు. ఆయన వస్తూనే పోయి మల్లప్ప కుర్చీలో కూర్చున్నాడు. మల్లప్ప వచ్చి పక్కన నిలబడి గోడకు చెప్పాడు: "అది నాది. లేవున్రి." ఆయన నవ్వాడు. వీడు మళ్లీ చెప్పాడు. ఆయన నవ్వడం మానేశాడు. వీడు చెప్పడం మానలేదు. చివరికి ఆ నిక్కచ్చి మనిషి లేచి, గోడకు ఒరిగి, నిలబడే ఛాయ తాగాడు. అంతలో ఎదురుగా పిండి గిర్నీ మొదలైంది. మల్లప్ప చెవులు మూసుకొని పెరట్లోకి పోయి, చీకటి పడ్డాకే లోపలికొచ్చాడు.

అయిదు రోజులకు ఆయన దగ్గరనుంచి ఈ ఉత్తరం వచ్చింది. చదువు:

"తమ సోదరుడు మనిషి మొహం చూడడు. పలకరిస్తే పలకడు. చిన్న చప్పుడును కూడా భరించలేడు. మందిలో మెలగలేడు. తనంత తాను సంసారం నడుపుకొనలేడు. జీవితాంతం ఒకరి ఆసరా లేనిదే బతకలేడు. ఇంత పెద్ద లోపం కండ్ల ముందు పెట్టుకొని మా గొంతు కోయబోతిరి. ఈ సంబంధం మాకు వద్దు. జనార్దన్ (సంతకం)."

చూశావా? సర్కారు పని మీద వచ్చినప్పుడు కనబడనిది, సొంత బిడ్డ మాట రాగానే ఒక్క ఛాయ తాగేలోగా కనబడింది. దాచింది నేనా, ఆయనా? దీన్ని ఆయన రిపోర్టు పక్కనే పెట్టి మీ సూపరింటెండెంటుకు ఇయ్యి. ఏది నిజమో వాళ్ల మనిషినే అడుక్కోమను.

ఇట్లు,
రాధమ్మ.

తా.క.: జనార్దన్ తాను తాగిన ఛాయ్‌కి పావలా బల్ల మీద పెట్టి పోయాడు. నువ్వు చెప్పింది నిజమే, నిక్కచ్చి మనిషి.


వికారాబాద్,
అక్టోబరు 12.

పూజ్యురాలైన వదినకు,

సాష్టాంగ నమస్కారాలు. మంజూరైంది!

సూపరింటెండెంటు గారు రెండు కాగితాలూ బల్ల మీద పరిచి, "ఈ సంతకం నీదేనా? మరి ఈ సంతకం?" అని జనార్దన్ గారిని అడిగారు. ఆయన ఎర్రబడి, తెల్లబడి, "రెండూ నావే, రెండోది నిజం" అన్నారు. సూపరింటెండెంటు గారు స్కేలు తెప్పించి, పట్టికలో అయిదో గడి స్వయంగా గీసి, "ఆటిజం" అని రాశారు. మొదటి మనియార్డరు వచ్చే నెల అందుతుంది.

ఒక్క చిన్న పని మిగిలింది. ఫైలు మూయాలంటే ఇరుగుపొరుగులో నిజం చెప్పిన ఒక సాక్షి సంతకం ఉండాలట. లాల్‌బీ, ఖుద్దూస్, ఎంకమ్మల మాటలు పనికిరావు. ఇక ఉన్నది ఆ కక్షగాడు ఒక్కడే. అతని మాటలూ జనార్దన్ గారి ఉత్తరమూ అచ్చంగా సరిపోయాయి. ఎట్లాగైనా అతన్ని వెతికి సంతకం పంపించు.

విధేయుడు,
సుధాకర్.

తా.క.: సంతకం పెట్టేదాకా అతని కాళ్లు విరగ్గొట్టకు.


తాండూరు,
నవంబరు 15.

చి. సుధాకర్‌కు,

మీ వదిన దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. ఈసారి రాయొచ్చు.

మనియార్డరు బుధవారం వచ్చింది. మల్లప్ప సంతకం చేసి తీసుకొని, చొక్కా జేబులో పెట్టుకొని, అంగడి రోజు దాకా ఆ చొక్కా విప్పలేదు. అంగడి రోజు డబ్బాలో వేసి, మూత బిగించి, కూర్చొని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చాను, పొగ వంకతో.

ఇక నీ సాక్షి. అతన్ని వెతకడానికి మళ్లీ ఖుద్దూస్ దగ్గరికే పోయాను, ఈసారి తిట్టకుండా. "టీచరమ్మా, గా పొద్దు నా హోటల్ ముందర ఎవలున్నరు? గిరాకీయే లేదు. ఎప్పటి తీర్గ మన మల్లప్ప ఒక్కడే గోడ దిక్కు తిరిగి గ్లాసు కోసం కూసున్నడు" అన్నాడు.

నేను అక్కడ ఇంక ఆగలేదు. ఇంటికొచ్చి అడిగాను.

"నిన్నెవలన్న అడిగిన్రారా, మల్లప్ప ఎట్లాంటోడని?"

"అడిగిండు. గొడుగాయన."

"ఏం చెప్పినవ్?"

"పని లేదు. మందిల ఉండలేడు. అక్క కూడు తింటుండు. అక్క లేకుంటే బతకడు."

"నేనే మల్లప్పనని ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వెవరని అడగలే" అన్నాడు.

సుధాకర్, మీ డాక్టరు వాడి చెవి చూశాడు, మీ జనార్దన్ గల్లీ అంతా తిరిగాడు, నేను ఇంటింటా కొట్లాడాను. ఇంతమందిలో ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు వాడొక్కడే, కక్షగాడని పక్కకు తోసింది కూడా వాన్నే. నాకు ఇంకా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. అక్క కూడు తింటున్నానని వాడు ఇన్నేండ్లు లోపల మోసుకొని తిరుగుతున్నాడు చూడు, ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో నాకే తెలియడం లేదు.

సాక్షి సంతకం జతచేశాను. దరఖాస్తుదారుడు తనకు తాను సాక్షి కాకూడదని మీ సూపరింటెండెంటు అంటే, స్కేలు తెప్పించి ఇంకో గడి గీసుకోమను.

ఇట్లు,
మీ వదిన,
రాధమ్మ.

తా.క.: నాలుగు శేర్ల కందిపప్పు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. మూటలో ఒక పావలా కూడా ఉంది, అది జనార్దన్‌ది, తిరిగి ఇచ్చేయి. ఆ ఛాయ మల్లప్ప తాగించిందట, డబ్బులు తీసుకోడట.